నైట్రోజన్ వాడే గదిలో ఆక్సిజన్ సెన్సర్: ఎక్కడ బిగించాలి, ఎలా క్యాలిబ్రేట్ చేయాలి, రీడింగ్ తగ్గితే ఏం చేయాలి

ఆక్సిజన్ సెన్సర్ కొత్తగా కొన్నవాళ్లు ముందు అడిగేది ఒకటే, ఎంత ఎత్తులో బిగించాలి అని. ఎత్తు గురించి చెప్తా, వైరింగ్ గురించీ చెప్తా, కానీ అసలు గొడవలన్నీ బిగించిన తర్వాతే మొదలవుతాయి. మంచి గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, రీడింగ్ 19.8 చూపించింది అనుకోండి, మనోళ్లు గదిని అనుమానించరు, సెన్సర్‌నే అనుమానిస్తారు, "దీనికి మెంటలెక్కింది" అని మెనూలోకి వెళ్లి స్పాన్ (మంచి గాలికి ఎంత చూపించాలో పెట్టే సెట్టింగ్) తిప్పేసి 20.9కి తెచ్చి చేతులు దులుపుకుంటారు. అందుకే క్యాలిబ్రేషన్ (తెలిసిన గ్యాస్ ఇచ్చి రీడింగ్ సరిచెయ్యడం) భాగం ఎక్కువ రాస్తున్నా, మిగతావి కొంచెం స్పీడుగా పోతాయి.

ఇక్కడ చెప్పేది గోడకి బిగించే ఫిక్స్‌డ్ డిటెక్టర్ గురించి. పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ వైపు ఫార్మా ప్లాంట్లలో రియాక్టర్ల మీద నైట్రోజన్ బ్లాంకెటింగ్ (సాల్వెంట్ మీద గాలి తగలకుండా నైట్రోజన్ కప్పి ఉంచడం) ఉంటుంది కదా, అలాంటి బ్లాకులు, లిక్విడ్ నైట్రోజన్ నింపే గదులు, లేజర్ కటింగ్ షాపులు, చిప్స్ ప్యాకింగ్ లైన్లు, ఐవీఎఫ్ ల్యాబులు, పశువుల సెమెన్ స్ట్రాలు దాచే సెంటర్లు, వీటన్నిటికీ ఇదే పద్ధతి. బాయిలర్ చిమ్నీలో పెట్టే అనలైజర్ వేరే జాతి, దాని జోలికి ఇప్పుడు పోవట్లేదు.

ముందు ఒక విషయం బుర్రకెక్కాలి. గాల్లో 78 శాతం నైట్రోజనే, అందుకే ఎవరికీ దానంటే భయం ఉండదు. విషం కాదు, వాసన లేదు, రంగు లేదు. కానీ మనకి ఊపిరాడట్లేదు అనే ఫీలింగ్ వచ్చేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే, ఆక్సిజన్ తగ్గితే కాదు. నైట్రోజన్ నిండిన గదిలో మనిషి మామూలుగానే ఊపిరి పీల్చి వదుల్తుంటాడు, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది, కాబట్టి ఉక్కిరిబిక్కిరి ఏమీ అనిపించదు, ఒకటి రెండు శ్వాసల్లో కూలిపోవచ్చు. 16 శాతం దగ్గరికొస్తే గుండె వేగం పెరిగి ఆలోచన మందగిస్తుంది, 10 కిందకి పోతే స్పృహ పోతుంది, 6 కిందకి వెళ్తే ఇక నిమిషాల లెక్క. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డ్ 2003లో ఒక బులెటిన్ ఇచ్చింది, అందులో 1992 నుంచి 2002 వరకు అక్కడ నైట్రోజన్ వల్ల ఊపిరాడక 80 మంది చనిపోయారని లెక్క చెప్పారు. 2021 జనవరి 28న జార్జియా రాష్ట్రంలో గెయిన్స్‌విల్ అనే ఊళ్లో కోడిమాంసం ప్లాంటులో ఫ్రీజర్ నుంచి లిక్విడ్ నైట్రోజన్ పొంగి ఆరుగురు చనిపోయారు, లెవెల్ కొలిచే ట్యూబు వంగిపోవడంతో కంట్రోల్ పని చెయ్యలేదు, ఆ గదిలో ఆక్సిజన్ తగ్గింది అని చెప్పే అలారం ఏదీ లేదు.

మీ గదికి నిజంగా అవసరమా, లెక్క వేస్కోండి

గది పొడవు వెడల్పు ఎత్తు గుణించండి. 5 మీటర్లు, 4 మీటర్లు, 3 మీటర్లు అనుకుంటే 60 ఘనపు మీటర్లు. లీకైతే మొత్తం ఎంత గ్యాస్ రావచ్చో చూడండి. మామూలు పెద్ద నైట్రోజన్ సిలిండర్‌లో దాదాపు 7 ఘనపు మీటర్లు ఉంటుంది, అది మొత్తం ఆ గదిలో ఖాళీ అయితే అంత గాలి బయటికి నెట్టేస్తుంది అనుకుని లెక్కేస్తే, 60లో 7 తీసేస్తే 53, దాన్ని 60తో భాగించి 20.9తో గుణిస్తే 18.5 శాతం వస్తుంది. ఒక్క సిలిండరే 19.5 అనే మొదటి అలారం లెవెల్ కిందకి తెచ్చేసింది చూడండి. ఇప్పుడు అదే గదిలో 50 లీటర్ల లిక్విడ్ నైట్రోజన్ డ్యూవార్ (థర్మాస్ లాంటి పాత్ర) ఒలికింది అనుకోండి, ఒక లీటరు లిక్విడ్ గది వేడికి వచ్చేసరికి 700 లీటర్ల దాకా గ్యాస్ అవుతుంది, అంటే దాదాపు 35 ఘనపు మీటర్లు, ఆక్సిజన్ 9 శాతం దగ్గరికి పడిపోతుంది. ఇది వరస్ట్ కేస్ లెక్క, నిజంగా గాలి కలుస్తూ పోతుంది కాబట్టి ఇంత పడకపోవచ్చు, కానీ డిజైన్‌కి ఇదే వాడాలి.

ఏసీ ఉంది కదా అంటారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలి లోపలికి తేదు సార్, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. క్లీన్‌రూమ్‌కి గాలి పంపే యంత్రం, ఏహెచ్‌యూలో కూడా ఎక్కువ భాగం రీసర్క్యులేషనే కాబట్టి ఫ్రెష్ ఎయిర్ ఎంత వస్తుందో యుటిలిటీ వాళ్లని అడిగి తెల్సుకోండి.

ఏ సెన్సర్

మార్కెట్లో ఎక్కువ దొరికేది ఎలక్ట్రోకెమికల్ సెల్. లోపల సీసం ఉంటుంది, పొటాషియం హైడ్రాక్సైడ్ లాంటి ఎలక్ట్రోలైట్ ఉంటుంది, ఆక్సిజన్ లోపలికి వెళ్లిన కొద్దీ సీసం ఆక్సైడ్ అవుతూ చిన్న కరెంటు పుడుతుంది, ఆ కరెంటే మన రీడింగ్. అంటే ఇది ఒక రకం బ్యాటరీ, గాలి తగిలినంత సేపూ అరుగుతూనే ఉంటుంది, మీరు పవర్ ఇచ్చినా ఇవ్వకపోయినా. మామూలుగా రెండు మూడేళ్లు వస్తుంది. సీసం లేని సెల్స్ కూడా వచ్చాయి, అవి ఐదేళ్ల దాకా వస్తాయి, రేటు ఎక్కువ. స్పేర్ సెల్ కొని స్టోర్స్‌లో ఏడాది పడేసి, తర్వాత తీసి వేస్తే దాని ఆయుష్షు అప్పటికే తగ్గి ఉంటుంది, కాబట్టి అవసరం దగ్గర పడ్డాకే ఆర్డర్ పెట్టండి, ప్యాకెట్ మీద తయారీ తేదీ చూసి తీస్కోండి.

జిర్కోనియా రకం చాలా ఏళ్లు వస్తుంది, మార్చే గొడవ తక్కువ, కానీ లోపల ఎలిమెంట్ 600 డిగ్రీల పైన వేడిగా ఉంటుంది. సాల్వెంట్ వేపర్ ఉన్న చోట ఆ ఆవిరి ఎలిమెంట్ మీదే కాలి ఆక్సిజన్ తినేస్తుంది, రీడింగ్ తక్కువ చూపిస్తుంది. టోలుయీన్, మెథనాల్ వాడే బ్లాకుకి నేనైతే ఎలక్ట్రోకెమికలే తీస్కోమంటా. అక్కడ ఎలాగూ ఫ్లేమ్‌ప్రూఫ్ బాడీ కావాలి, పెసో (పేలుడు, మంటల భద్రత చూసే కేంద్ర సంస్థ) అప్రూవల్ పేపరు మోడల్ నంబరుతో సహా మ్యాచ్ అవుతోందో లేదో పర్చేజ్ ఆర్డర్ కన్నా ముందే చూస్కోండి, సరుకు వచ్చాక సేఫ్టీ ఆఫీసర్ ఆపేస్తే అందరికీ తలనొప్పి.

ఇంకొకటి, మీ గ్యాస్ నైట్రోజన్ కాకుండా కార్బన్ డయాక్సైడ్ అయితే ఆక్సిజన్ సెన్సర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆక్సిజన్ 1 శాతం తగ్గింది అంటే గదిలోకి దాదాపు 5 శాతం వేరే గ్యాస్ వచ్చింది అని అర్థం, 5 శాతం అంటే 50,000 పీపీఎం. కార్బన్ డయాక్సైడ్‌కి 40,000 పీపీఎం దగ్గరే ప్రాణాపాయం అని అమెరికాలో పని చోటి భద్రత మీద పరిశోధన చేసే నియోష్ వాళ్లు లెక్క పెట్టారు. మీ ఆక్సిజన్ సెన్సర్ ఇంకా 19.9 చూపిస్తూ ప్రశాంతంగా ఉంటుంది, మనిషి మాత్రం అప్పటికే డేంజర్లో ఉంటాడు. దానికి విడిగా కార్బన్ డయాక్సైడ్ సెన్సరే పెట్టాలి.

ఎక్కడ, ఎంత ఎత్తులో

గది వేడిలో ఉన్న నైట్రోజన్ గాలి కన్నా ఇసుమంత తేలిక, దాదాపు సమానమే అనుకోండి, కాబట్టి పైపు లీకుల భయమే అయితే మనిషి ముక్కు ఎత్తులో, నేల నుంచి 1.2 నుంచి 1.8 మీటర్ల మధ్య, 1.5 దగ్గర పెడితే సరిపోతుంది. లిక్విడ్ నైట్రోజన్ కథ వేరు, మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆ చల్లటి ఆవిరి బరువుగా ఉండి నేల మీదే పాకుతుంది, కేబుల్ ట్రెంచ్‌లోకీ గుంటల్లోకీ దిగిపోతుంది. అక్కడ కింద 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఒకటి, ముక్కు ఎత్తులో ఒకటి, రెండూ పెట్టండి. ఆర్గాన్‌కి కూడా కిందే. హీలియం అయితే సీలింగ్ దగ్గర. తెల్లగా పొగ కనిపిస్తుంది కదా చూసి తప్పుకుంటాం అనేవాళ్లు ఉంటారు, ఆ పొగ గాల్లోని తేమ, నైట్రోజన్ కాదు, పొగ పోయిన చోట కూడా నైట్రోజన్ ఉంటుంది.

లీకయ్యే చోట్లు అంటే రెగ్యులేటర్, మేనిఫోల్డ్, సేఫ్టీ వాల్వ్, ఫ్లెక్సిబుల్ హోస్ జాయింట్లు, వాటికి ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉండాలి. తలుపు పక్కన, ఫ్రెష్ ఎయిర్ గ్రిల్ ఎదురుగా పెట్టొద్దు, అది ఎప్పుడూ మంచి గాలే పీల్చి మంచి రీడింగే చూపిస్తుంది. చాలా చోట్ల కేబుల్ దగ్గరవుతుందని తలుపు పక్కనే బిగిస్తారు, మీటర్ల కేబుల్ మిగిల్చుకోవడానికి సెన్సర్ పనికిరాకుండా పోతుంది. స్టీమ్ లైన్ పక్కన వద్దు, నీళ్లతో కడిగే చోటైతే స్ప్లాష్ గార్డ్ పెట్టండి, ట్రాలీలు తిరిగే దారైతే చిన్న ఇనుప గార్డ్ కూడా. కిందికి ఒంగి క్యాలిబ్రేషన్ క్యాప్ (టెస్ట్ గ్యాస్ ఇచ్చే మూత) పెట్టడానికి చెయ్యి పట్టేంత జాగా వదలండి, ర్యాక్ వెనకాల బిగించిన డిటెక్టర్‌ని ఎవడూ క్యాలిబ్రేట్ చెయ్యడు, రిజిస్టర్‌లో సంతకం మాత్రం పడుతుంది.

సెన్సర్ మొహం ఎప్పుడూ నేల వైపు చూడాలి. దుమ్మూ నీళ్లూ పైనుంచి పడవు.

వైరింగ్

మామూలుగా 24 వోల్ట్ డీసీ సప్లై, అవుట్‌పుట్ 4-20 మిల్లీఆంప్, 4 అంటే సున్నా శాతం, 20 అంటే రేంజ్ చివర. 1.5 స్క్వేర్ ఎంఎం షీల్డెడ్ కేబుల్, టూ వైరా త్రీ వైరా అన్నది మోడల్ బట్టి. షీల్డ్‌ని ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చెయ్యండి, డిటెక్టర్ వైపు కట్ చేసి టేపు చుట్టి వదిలెయ్యండి, రెండు వైపులా ఎర్త్ చేస్తే గ్రౌండ్ లూప్ వచ్చి రీడింగ్ ఊగుతుంది. వీఎఫ్‌డీ (మోటార్ స్పీడు మార్చే డ్రైవ్) కేబుల్స్ ఉన్న ట్రేలో దీన్ని కలపొద్దు. కేబుల్ కింది నుంచి గ్లాండ్ (కేబుల్ దూరే చోట బిగించే సీల్) లోకి రావాలి, పైనుంచి వచ్చేదైతే కింద ఒక లూప్ వదిలి మళ్లీ పైకి తీస్కెళ్లండి, వర్షాకాలంలో ఆ లూప్ దగ్గరే నీళ్లు కారిపోతాయి. ఫ్లేమ్‌ప్రూఫ్ అయితే డబుల్ కంప్రెషన్ గ్లాండ్, వాడని ఎంట్రీకి సర్టిఫైడ్ ప్లగ్, గుడ్డ కుక్కి ఎంసీల్ పెట్టడం కాదు.

దూరం ఎక్కువైతే వోల్టేజ్ చాలుతుందా అని భయపడక్కర్లేదు, లెక్క చూస్కుంటే చాలు. 1.5 స్క్వేర్ రాగి కేబుల్ కిలోమీటరుకి ఒక కోర్ 12 ఓమ్స్ అటూ ఇటూ, 300 మీటర్లు పోయి రావడానికి 7 ఓమ్స్ పైన కొంచెం, పీఎల్‌సీ (ప్యానెల్‌లో సిగ్నల్ చదివే కంట్రోలర్) కార్డులో 250 ఓమ్స్, 20 మిల్లీఆంప్ దగ్గర మొత్తం 5 వోల్టుల చిల్లర పోతుంది, టూ వైర్ డిటెక్టర్ దగ్గర ఇంకా 18 పైనే మిగులుతుంది.

పీఎల్‌సీలో స్కేలింగ్ డిటెక్టర్‌ రేంజ్‌తో సరిపోవాలి. 0 నుంచి 25 శాతం రేంజ్ అయితే 20.9 దగ్గర 17.38 మిల్లీఆంప్ రావాలి, 19.5కి 16.48, 18కి 15.52. డిటెక్టర్ 0-25 ఉండి పీఎల్‌సీలో 0-30 కొట్టి ఉంటే మంచి గాలికి 25 శాతం చూపించి హై అలారం కొడుతుంది, వెంటనే దొరికిపోతుంది. దీనికి రివర్స్‌లో అయితే 17.4 చూపిస్తుంది, అప్పుడు మాత్రం ఎవడో ఒకడు పీఎల్‌సీ సరిచెయ్యకుండా డిటెక్టర్‌ని తిప్పుతాడు, అక్కణ్నుంచి రెండూ తప్పే. అందుకే లూప్ క్యాలిబ్రేటర్ పెట్టి 4, 12, 20 ఇచ్చి స్క్రీన్ మీద 0, 12.5, 25 వస్తున్నాయో లేదో ముందే చూడండి. 3.6 మిల్లీఆంప్ కన్నా తగ్గితే ఫాల్ట్ అని విడిగా చూపించేలా పెట్టమనండి, లేకపోతే వైరు తెగినా ఆక్సిజన్ జీరో అని వచ్చి ఆపరేటర్ జడుసుకుంటాడు.

అలారాలు

అమెరికా కార్మిక భద్రత సంస్థ ఓషా లెక్కలో 19.5 కన్నా తక్కువైతే ఆక్సిజన్ లోటు, 23.5 కన్నా ఎక్కువైతే ఎక్కువ. మొదటి అలారం 19.5, రెండోది 18 పెట్టడం మామూలు. ఇక్కడ కొత్తవాళ్లు తడబడేది, ఈ అలారం రీడింగ్ కిందకి పడితే మోగాలి, ఎల్‌ఈఎల్ (మండే గ్యాస్ కొలిచే) డిటెక్టర్‌కి పెట్టినట్టు పైకి పోతే కాదు, సెట్టింగ్‌లో ఫాలింగ్ అని ఉంటుంది చూడండి. రిలే (అలారం మోగించే స్విచ్) నార్మల్‌గా ఎనర్జైజ్ అయ్యే ఉండాలి, అప్పుడు పవర్ పోయినా, ఫ్యూజ్ కొట్టినా అలారం మోగుతుంది.

హై అలారం మాకెందుకు, మా దగ్గర ఆక్సిజన్ సిలిండర్లు లేవు కదా అంటారు. లిక్విడ్ నైట్రోజన్ పైపుకి ఇన్సులేషన్ ఊడిపోయిందనుకోండి, ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గరే లిక్విడ్ అవుతుంది, నైట్రోజన్ కన్నా ముందే, కాబట్టి పైపు మీద కారే ఆ చుక్కల్లో ఆక్సిజన్ మామూలు గాలి కన్నా చాలా ఎక్కువ ఉంటుంది, కింద గ్రీజు గుడ్డలుంటే అంటుకోవడానికి రెడీ.

హూటర్, ఫ్లాషర్ గది లోపల ఒకటి, తలుపు బయట ఒకటి. డిస్‌ప్లే బయట ఉండాలి. లోపల మాత్రమే డిస్‌ప్లే పెడితే అది చూడ్డానికే మనిషి లోపలికి వెళ్లాలి, ఈ సెన్సర్లు 90 శాతం మార్పు చూపించడానికి సాధారణంగా 15, 20 సెకన్లు తీస్కుంటాయి, నైట్రోజన్‌కి రెండు శ్వాసలు చాలు. వీలైతే మొదటి అలారానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆన్ అయ్యేలా, రెండోదానికి నైట్రోజన్ సోలినాయిడ్ వాల్వ్ మూసుకునేలా ఇంటర్‌లాక్ పెట్టించండి, కానీ ఆ నైట్రోజన్ కట్ అయితే రియాక్టర్‌లో సాల్వెంట్ మీద బ్లాంకెట్ పోతుందేమో ప్రాసెస్ వాళ్లని అడక్కుండా పెట్టొద్దు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు

సెల్ ప్యాకెట్ విప్పి, షార్టింగ్ క్లిప్ ఉంటే తీసి, పెట్టి పవర్ ఇవ్వగానే రీడింగ్ అటూ ఇటూ పోతుంది, కంగారు పడొద్దు. మాన్యువల్‌లో రాసినంత సేపు, అరగంట నుంచి కొన్ని గంటల దాకా, వదిలెయ్యండి. ఏసీ గదిలో ఉన్న సెల్‌ని తెచ్చి మే నెల ఎండలో షెడ్డులో పెడితే అది ఆ వేడికి సర్దుకునే దాకా రీడింగ్ నమ్మొద్దు. రవాణా క్యాప్, మాస్కింగ్ టేపు తీశారో లేదో చూడండి. పెయింటింగ్ కాంట్రాక్టర్ వచ్చి వెళ్లాక తప్పనిసరిగా చూడండి, వాళ్లు సెన్సర్‌కి కవరు కట్టి పెయింట్ కొట్టి కవరు తియ్యకుండా వెళ్లిపోతారు, లేదా కవరు కట్టకుండా ఫిల్టర్ మీదే కొట్టేస్తారు, రెండోదైతే ఫిల్టర్ మార్చాల్సిందే, థిన్నర్‌తో కడిగితే లోపల సెల్ పాడవుతుంది.

క్యాలిబ్రేషన్

రెండు పాయింట్లు. జీరోకి 99.999 శాతం నైట్రోజన్ సిలిండర్, స్పాన్‌కి మంచి గాలి. సిలిండర్‌కి ఫిక్స్‌డ్ ఫ్లో రెగ్యులేటర్ పెట్టి నిమిషానికి అర లీటరు దగ్గర ఇవ్వండి, ప్రెషర్ రెగ్యులేటర్ ఒక్కటే పెట్టి అందాజుగా తిప్పితే సెల్ మెంబ్రేన్ మీద ఒత్తిడి పడి తప్పు విలువ వస్తుంది. క్యాలిబ్రేషన్ క్యాప్ గట్టిగా కూర్చోవాలి, పక్కల నుంచి గాలి దూరితే జీరో రాదు, 0.8 దగ్గరో ఎక్కడో ఆగిపోతుంది, అప్పుడు జీరో అడ్జస్ట్ చెయ్యకుండా ముందు క్యాప్ చూడండి. రీడింగ్ రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డాకే ఎంటర్ నొక్కండి. తర్వాత 18 శాతమో 15 శాతమో ఉన్న టెస్ట్ గ్యాస్ ఇచ్చి అలారం, హూటర్, ఫ్యాన్, వాల్వ్ అన్నీ నిజంగా పని చేస్తున్నాయా చూడాలి. చేసే ముందు కంట్రోల్ రూమ్‌కి చెప్పి ఇంటర్‌లాక్ బైపాస్ రాయించండి, అయిపోయాక ఆ బైపాస్ తీయించడం మర్చిపోవద్దు.

క్యాప్ నుంచి బయటికొచ్చే నైట్రోజన్ కొంచెమే అయినా చిన్న గదిలో తలుపు తెరిచే చెయ్యండి.

ఇక స్పాన్. మంచి గాలి అంటే ఆ గది గాలి కాదు. ఇదే నేను మొదట్లో చెప్పింది. గదిలో చిన్న లీకు ఉండి ఆక్సిజన్ నిజంగానే 19 ఉందనుకోండి, మీరు అక్కడే నిలబడి ఫ్రెష్ ఎయిర్ క్యాల్ అనే బటన్ నొక్కారు, డిటెక్టర్ పాపం మీ మాట నమ్మి ఆ 19నే 20.9 అని రాసుకుంది. ఇక నుంచి అది 19.5 చూపించి అలారం కొట్టేసరికి గదిలో అసలు ఆక్సిజన్ 17.7 ఉంటుంది. లీకూ దొరకలేదు, అలారం లెవెలూ పడిపోయింది, సర్టిఫికెట్ మీద మాత్రం పాస్. అందుకని స్పాన్‌కి 20.9 శాతం ఆక్సిజన్ ఉన్న సింథటిక్ ఎయిర్ సిలిండర్ వాడండి, లేదా బయట ఆరుబయట క్యాలిబ్రేట్ చేసిన పోర్టబుల్ మీటర్ తెచ్చి పక్కన పెట్టి గది గాలి నిజంగా మంచిదే అని తేల్చుకున్నాకే బటన్ నొక్కండి.

రీడింగ్ తక్కువగా ఉంటే

19.8 అనో 20.1 అనో చూపిస్తోంది, అలారం రాలేదు, ఏం చెయ్యాలి. కారణాలు నాలుగుంటాయి, వరసగా చూడాలి.

మొదటిది నిజంగానే గ్యాస్ ఉండటం. ఎప్పుడూ ఇదే నిజం అనుకుని మొదలుపెట్టండి. పోర్టబుల్ మీటర్ బయట ఆన్ చేసి 20.9 చూసి, దాంతో తలుపు దగ్గర నుంచి మెల్లగా లోపలికి, కిందా పైనా చూస్కుంటూ వెళ్లండి, 19.5 వస్తే ఆగి వెనక్కి వచ్చెయ్యండి. పోర్టబుల్ కూడా తగ్గిందంటే లీకు వెతకాల్సిందే, ముందు గాలి పెట్టించి తర్వాత సబ్బు నీళ్లు.

రెండోది తేమ. ఇది చాలామందికి తెలీదు. గాల్లో నీటి ఆవిరి పెరిగితే అది కూడా ఆక్సిజన్ జాగా ఆక్రమిస్తుంది. విశాఖలో 34 డిగ్రీల ఎండ, 75 శాతం తేమ ఉన్న రోజు గాల్లో 4 శాతం దాకా నీటి ఆవిరే, ఆక్సిజన్ నిజంగానే 20.1 ఉంటుంది. సిలిండర్ పొడి గాలితో క్యాలిబ్రేట్ చేసిన సెన్సర్ ఆ రోజు 20.1 చూపిస్తే అది సరిగ్గానే పని చేస్తోంది, దాన్ని ముట్టుకోవద్దు. బయటికి తీస్కెళ్లిన పోర్టబుల్ కూడా బయట అంతే చూపిస్తే తేమ అని అర్థం.

మూడోది ప్రెషర్. మెంబ్రేన్ రకం (పల్చటి పొర గుండా గ్యాస్ వెళ్లే) సెల్ ఆక్సిజన్ శాతాన్ని కాదు, దాని ఒత్తిడిని కొలుస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, గాలి ఒత్తిడి విశాఖ కన్నా దాదాపు 6 శాతం తక్కువ. విశాఖలో 20.9కి సెట్ చేసిన అలాంటి డిటెక్టర్ హైదరాబాద్ తెచ్చి ఆన్ చేస్తే 19.6 దగ్గర చూపిస్తుంది, సైట్‌లో మళ్లీ స్పాన్ చేస్తే సరి. క్యాపిలరీ రకం (సన్నటి రంధ్రం గుండా గ్యాస్ వెళ్లే) సెల్‌కి ఈ బాధ పెద్దగా లేదు. మీది ఏ రకమో డేటాషీట్‌లో ఉంటుంది. ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉంది కదా అని సైట్‌లో చెయ్యకుండా హ్యాండోవర్ తీస్కోవద్దు అనేది ఇందుకే.

నాలుగోది సెల్ ముసలిదవ్వడం. దీనికి గుర్తు, ప్రతి క్యాలిబ్రేషన్‌లో స్పాన్ పైకి పైకి తిప్పాల్సి రావడం. అందుకే క్యాలిబ్రేషన్ చెయ్యకముందు ఎంత చూపించింది, చేశాక ఎంత, సెల్ అసలు మిల్లీవోల్ట్ ఎంత, ఈ మూడూ రిజిస్టర్‌లో రాయండి. చాలా రిజిస్టర్లలో చేశాక వచ్చిన 20.9 ఒక్కటే ఉంటుంది, పేజీలకి పేజీలు 20.9, దానివల్ల ఎవరికీ ఏమీ తెలీదు. సీసం సెల్ చివరికొచ్చేసరికి నెమ్మదిగా కాదు, ఉన్నట్టుండి పడిపోతుంది.

రోజువారీ వాడకం

షిఫ్ట్ మొదట్లో డిస్‌ప్లే, ఫాల్ట్ లైట్ చూడటం, వారానికో నెలకో బంప్ టెస్ట్ (కాసేపు టెస్ట్ గ్యాస్ ఇచ్చి అలారం మోగుతుందో లేదో చూడటం), మూడు నుంచి ఆరు నెలలకి పూర్తి క్యాలిబ్రేషన్. గ్యాస్ సిలిండర్ చేతికి లేనప్పుడు సెన్సర్ బతికే ఉందా అని చూడ్డానికి దాని దగ్గరగా గట్టిగా ఊదితే మనం వదిలే గాలిలో 16, 17 శాతమే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి రీడింగ్ దిగాలి. దిగకపోతే ఫిల్టర్ మూసుకుపోయిందో సెల్ పోయిందో. ఇది చూడ్డానికి మాత్రమే, రికార్డులో బంప్ టెస్ట్ అని రాయొద్దు, పైగా తేమ పడుతుంది, అస్తమానం చెయ్యొద్దు.

పక్కనే ఎల్‌ఈఎల్ డిటెక్టర్ ఉంటే ఒకటి గుర్తుంచుకోండి, మామూలు క్యాటలిటిక్ రకం గ్యాస్‌ని కాల్చి కొలుస్తుంది, కాల్చడానికి ఆక్సిజన్ కావాలి, నైట్రోజన్ నిండిన చోట అది జీరో చూపించినా సాల్వెంట్ ఉండొచ్చు. వెసెల్ ఎంట్రీకి ముందు ఎప్పుడూ ఆక్సిజన్ మొదట, ఎల్‌ఈఎల్ తర్వాత, ఆ తర్వాతే టాక్సిక్ (విష వాయువులు). ఫ్యాక్టరీస్ యాక్ట్ 1948లో (2025 నవంబర్‌లో దాని చోట కొత్త లేబర్ కోడ్ వచ్చింది) సెక్షన్ 36 ఇలాంటి ట్యాంకుల్లోకి దిగడం గురించే ఉండేది, పర్మిట్ ఫారం నింపేవాళ్లు ఒక్కసారైనా అది చదవాలి. గోడ మీది డిటెక్టర్ గది గురించే చెప్తుంది, రియాక్టర్ లోపలి గాలి గురించి దానికేం తెలుసు, దిగేవాడి ఒంటి మీద పోర్టబుల్ ఉండాల్సిందే.

అలారం మోగితే లోపలున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు వదిలేసి బయటికి. బయటున్నవాళ్లు లోపలికి పోవద్దు, ఎవరైనా పడిపోయి కనిపించినా సరే, ఇది చెప్పడం తేలిక చెయ్యడం కష్టం అని తెల్సు, కళ్ల ముందు మనోడు పడి ఉంటే కాళ్లు ఆగవు. కానీ నైట్రోజన్ ప్రమాదాల్లో కాపాడ్డానికి వెళ్లి చనిపోయేవాళ్లు కూడా ఉంటారు. బయట నుంచే నైట్రోజన్ వాల్వ్ కట్టెయ్యండి, ఫ్యాన్ వెయ్యండి, ఎస్‌సీబీఏ సెట్ (వీపుకి గాలి సిలిండర్ ఉండే మాస్క్) వేస్కున్న ట్రెయినింగ్ ఉన్న మనిషే లోపలికి. కాట్రిడ్జ్ మాస్క్ పెట్టుకుని వెళ్లడం ఏమాత్రం పనికిరాదు, అది చెడు గ్యాస్‌ని వడకడుతుంది గానీ లేని ఆక్సిజన్ ఎక్కణ్నుంచి తెస్తుంది. అందుకే ఎస్‌సీబీఏ సెట్, ఎమర్జెన్సీ వాల్వ్, ఫ్యాన్ స్విచ్ ఈ మూడూ తలుపు బయటే ఉండాలి, డిటెక్టర్ బిగించే రోజే ఇవి ఎక్కడున్నాయో కూడా చూడండి.

సెల్ మార్చేటప్పుడు పాతది విప్పి చూద్దాం అనిపిస్తుంది, వద్దు, లోపలి ద్రవం చర్మాన్నీ కళ్లనీ కాలుస్తుంది. లీకైనట్టు తెల్లగా పొడి కనిపిస్తే గ్లవ్స్ వేస్కుని తియ్యండి, కనెక్టర్ పిన్నులు పచ్చబడ్డాయేమో చూడండి. పాత సెల్‌లో సీసం ఉంది కాబట్టి మామూలు చెత్తలో పడెయ్యకుండా ప్లాంట్ హజార్డస్ వేస్ట్ డబ్బాలోకి పంపి, కొత్త సెల్ వేసిన తేదీ మార్కర్‌తో డిటెక్టర్ మూత లోపలి వైపు రాసెయ్యండి, తర్వాత వచ్చేవాడు రిజిస్టర్ వెతుక్కోకుండా అక్కడే చూస్కుంటాడు.